మేక పొదుగును ఆవు లెక్కతో కొలవొద్దు, అలాగని కొలవకుండా వదలొద్దు

దేవరకొండ నుంచి కల్వకుర్తి దాకా, అటు అచ్చంపేట మీదుగా నల్లమల అంచుల దాకా మేకలు లేని ఊరంటూ కనిపించదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో మేకలు దాదాపు 49 లక్షలు. గొర్రెల సంఖ్యలో మన రాష్ట్రం దేశంలోనే మొదటిది కాబట్టి మాటలన్నీ గొర్రెల చుట్టూ తిరుగుతాయి, మేక పక్కకు పోతుంది. ఆ మేకలోనూ మనం చూసేది ఎత్తు, బరువు, పళ్ళు, ఈతల లెక్క. పొదుగును చేత్తో పట్టి చూసేది మాత్రం అది ఎర్రబడి వాచినప్పుడో, లేదా నల్లబడి చల్లబడి మేక కాలీడ్చుకుంటూ మందకు వెనకబడినప్పుడో. ఆ నల్లబడిన పొదుగు చాలాసార్లు చచ్చుబడి ఊడిపోతుంది, కొన్నిసార్లు మేకే పోతుంది. అది భయంకరమైన జబ్బే గానీ అరుదైనది. మన మేకల పాలను ఏటా ఎక్కువగా తినేస్తున్నది అది కాదని, పైకి ఏ గుర్తూ చూపకుండా పొదుగులో కాపురముండే ఇన్ఫెక్షనని, దాన్ని పట్టుకోవడానికి ఆవు కోసం తయారైన కొలతను తెచ్చి యథాతథంగా వాడితే పట్టుకోకపోగా కొత్త నష్టం తెచ్చుకుంటామని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా మా వైపు ఎప్పుడూ వినబడే అభ్యంతరం ఒకటుంది. మా ఊరి పక్క తండాలో మేకలు కాసే ఒక పెద్దాయన, నేను ఆయన మేక పాలను పళ్ళెంలో పిండి చూస్తుంటే, "మనం మేకపాలు అమ్ముతమా బిడ్డా? పిల్ల తాగితే సాలు గదా, గీ పరీచ్చలెందుకు?" అన్నాడు. "పిల్లకు సరిపోయేన్ని ఉన్నయా లేవా అనే చూస్తున్న పెద్దయ్యా" అన్నాను. ఆయన ప్రశ్నలో న్యాయముంది. మన దగ్గర మేక మాంసం కోసం పెరిగే జీవం, పాలు ఇంటి పసిపిల్లలకో, ఎవరైనా అడిగితే వాళ్ళకో తప్ప డబ్బాలకెక్కవు. కానీ మేకపిల్ల మొదటి రెండు నెలల్లో పెట్టే బరువులో ఎక్కువ భాగం తల్లిపాల నుంచే వస్తుంది. నాటుమేక రోజుకు ఇచ్చేదే కొద్దిపాటి పాలు, అందులో ఒక సగం పొదుగు కుంటుపడితే, కవలలను ఈనిన మేక దగ్గర రెండో పిల్ల ఎండిపోతుంది. ఆ పిల్ల పారుడుతోనో ఊపిరితిత్తుల జబ్బుతోనో చచ్చిపోతే మనం ఆ జబ్బు పేరే చెబుతాం. దాని వెనక ఆకలి ఉందని, ఆ ఆకలి వెనక తల్లి పొదుగు ఉందని ఎవరూ రాసిపెట్టరు. కాబట్టి పాలు అమ్మనివాడికి పొదుగు పరీక్ష అక్కర్లేదన్న వాదన నిలబడదు. పాలు అమ్మేవాడు నష్టాన్ని లీటర్లలో చూస్తాడు, మాంసం కోసం పెంచేవాడు అదే నష్టాన్ని కిలోల్లో చూస్తాడు.

పశువైద్యులు సబ్‌క్లినికల్ మాస్టైటిస్ అని పిలిచే ఈ స్థితిలో పాలు తెల్లగానే ఉంటాయి, విరుగు కనిపించదు, పొదుగు వేడిగా ఉండదు, మేక మేత మానదు. ప్రపంచవ్యాప్తంగా గొర్రెలు, మేకల మీద జరిగిన పరిశీలనలను కూడగట్టి చూస్తే, పైకి కనిపించే పొదుగువాపు ఏడాదికి సాధారణంగా 5 శాతం జీవాలకన్నా తక్కువకే వస్తుంది, కనిపించనిది మాత్రం 5 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. దీనికి ఎక్కువగా కారణమయ్యేవి చర్మం మీదా చనుమొనల మీదా సహజంగానే ఉండే స్టెఫిలోకాకస్ జాతి సూక్ష్మజీవులు, వాటిలోనూ కోయాగ్యులేజ్ అనే ఎంజైమ్ లేని రకాలు. వాటికి పెద్దన్న లాంటి స్టెఫిలోకాకస్ ఆరియస్ తక్కువసార్లు దొరుకుతుంది గానీ, దొరికినచోట మొండిగా ఉంటుంది, పొదుగు నల్లబడే జబ్బుకూ ఎక్కువసార్లు అదే మూలం. ఇవి పాలు పితికే చేతుల నుంచి, తడి దొడ్డి నేల నుంచి, ఒక తల్లి దగ్గర తాగి మరో తల్లి దగ్గరకు దొంగచాటుగా పోయే పిల్లల మూతుల నుంచి పాకుతాయి. రేగుకంప, తుమ్మముల్లు గీరిన చనుమొన, పిల్లల మూతిపుండ్లు అంటుకున్న చనుమొన వీటికి తెరిచిన తలుపు.

ఇక కొలత సంగతి. ఆవు పాలలో దాగిన ఇన్ఫెక్షన్‌ను పట్టుకునే ప్రధాన సాధనం సొమాటిక్ కణాల లెక్క. పొదుగులోకి సూక్ష్మజీవులు దిగితే వాటిని ఎదుర్కోవడానికి రక్తం నుంచి తెల్లకణాలు పెద్దయెత్తున పాలలోకి వస్తాయి, ఆ కణాలను లెక్కపెడితే లోపల పోరాటం జరుగుతున్నదో లేదో తెలుస్తుంది. ఆవు విషయంలో మిల్లీలీటరుకు 2 లక్షల కణాలు దాటితే అనుమానించడం చాలా దేశాల్లో వాడుక. ఆ గీతనే తెచ్చి మేక మీద గీస్తే, ఏ రోగమూ లేని మేకల్లో ఎన్నో రోగిష్టివిగా తేలిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న మేక పాలలోనే కణాలు లక్షల్లో ఉంటాయి, పాలు తగ్గే చివరి నెలల్లో పది లక్షలు దాటడమూ వింత కాదు.

ఎందుకిలా అన్నది తెలుసుకోదగ్గ విషయం, ఎందుకంటే మేకను రెండో రకం ఆవుగా చూసే అలవాటు తప్పని ఇక్కడే తేటతెల్లమవుతుంది. ఆవు పొదుగులోని పాలకణం పాలను బయటికి వదిలేటప్పుడు తాను దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది. మేక పొదుగులో పాలు ఊరే పద్ధతి వేరు. అక్కడ పాలకణం కొస తునిగి, ఆ తునక కూడా పాలతో కలిసి వస్తుంది. ఆ తునకలు పరిమాణంలో తెల్లకణాల్లాగే ఉంటాయి, కాకపోతే వాటిలో కేంద్రకం ఉండదు, డీఎన్ఏ ఉండదు. కణం సైజును చూసి లెక్కపెట్టే యంత్రానికి ఈ తేడా తెలియదు. తునకను కూడా తెల్లకణంగానే లెక్కలో వేసుకుంటుంది. డీఎన్ఏకు మాత్రమే పట్టే రంగుతో పనిచేసే యంత్రం, లేదా అలాంటి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చేసే లెక్క మాత్రమే మేక పాలకు నమ్మదగినది. అయితే యంత్రం సరైనదైనా తికమక పూర్తిగా పోదు. ఆరోగ్యమైన ఆవు పాలలో న్యూట్రోఫిల్ అనే పోరాట కణాలు కొద్దిగానే ఉంటాయి. ఆరోగ్యమైన మేక పాలలో మొత్తం కణాల్లో సగం దాకా, కొన్నిసార్లు అంతకు మించి అవే ఉంటాయి. ఎదకు వచ్చిన రోజుల్లో, టీకా వేసిన తర్వాత, దూరప్రయాణంతో బెదిరినప్పుడు, ఈతలు పెరిగేకొద్దీ, పాలు తగ్గేకొద్దీ ఈ లెక్క పెరుగుతూనే ఉంటుంది.

ఇది ఒక్క ప్రయోగశాలల గొడవ కాదు, చట్టాలు కూడా దీన్ని ఒప్పుకున్నాయి. అమెరికాలో ఆవు పాలకు మిల్లీలీటరుకు 7,50,000 కణాల పరిమితి ఉంటే మేక పాలకు దాన్ని 15,00,000గా పెట్టారు. యూరోపియన్ యూనియన్ ఆవు పాలకు 4,00,000 పరిమితి పెట్టి, మేక పాలకు కణాల పరిమితే పెట్టకుండా సూక్ష్మజీవుల లెక్కతో సరిపెట్టుకుంది. మేక పాల ఉత్పత్తిలో ప్రపంచంలోనే ముందున్న మన దేశంలో, క్షేత్రస్థాయిలో మేక గురించి అడిగితే ఇప్పటికీ ఆవు, గేదెల పాఠమే జవాబుగా వస్తుంది. మా మండలంలో పాల కోసం బీటల్ మేకలు తెచ్చుకున్న ఒక యువకుడికి జరిగింది చెబుతాను. ఈని ఏడు నెలలు దాటిన మేకల పాలను పరీక్షకు పంపితే, లెక్క ఎక్కువ వచ్చిందని చెప్పి పొదుగులోకి ఎక్కించే యాంటీబయోటిక్ ట్యూబులు రాసిచ్చారు. ఏ సగం పాలు ఎలా ఉన్నాయని ఎవరూ అడగలేదు, కల్చర్, అంటే పాలలోని సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచి గుర్తించే పరీక్ష, చేయించమనీ అనలేదు. మందు వాడినన్ని రోజులు, ఆ తర్వాత ఆగాల్సిన రోజులు పాలన్నీ పారబోశాడు. లెక్క మాత్రం దిగలేదు. ఆ తర్వాత పట్టుబట్టి కల్చర్ చేయిస్తే ఏ సూక్ష్మజీవీ మొలవలేదు. పాలు ఎండే దశలో ఉన్న ఆరోగ్యమైన మేకలకు, లేని జబ్బుకు మందు పోశారన్నమాట. ఆ కుర్రాడు ఇప్పుడు పరీక్షల పేరెత్తితేనే ముఖం తిప్పుకుంటున్నాడు, అతణ్ని నేను తప్పుపట్టలేను. తప్పుడు కొలత వల్ల జరిగే అసలు నష్టం ఇదే. అది మందుల ఖర్చుతో ఆగదు, పరీక్ష మీద నమ్మకాన్నే చంపేస్తుంది.

అలాగైతే మేకకు పనికొచ్చే కొలత ఏది? నా సమాధానం, మేకను మేకతోనే కొలవాలి, ఇంకా చెప్పాలంటే ఒక సగాన్ని రెండో సగంతో కొలవాలి. మేక పొదుగులో రెండు విడి గ్రంథులున్నాయి. వాటి మధ్య గోడ ఉంది, ఒకదాని పాలు ఇంకోదానిలోకి పోవు. ఎద, టీకా, బెదురు, పాలు ఎండే దశ, ఇవన్నీ రెండు సగాలనూ ఒకే తీరుగా కదిలిస్తాయి. సూక్ష్మజీవి మాత్రం చాలాసార్లు ఒక సగంలోనే మకాం పెడుతుంది. అందుకే రెండు సగాల మధ్య తేడా చెప్పినంత నిజం, ఒంటరి అంకె ఎంత పెద్దదైనా చెప్పదు. ఆవు కోసం వాడే పరీక్షను మేక దగ్గర పనికొచ్చేలా మార్చుకునే కిటుకు ఇదే.

ఆ పరీక్ష కొత్తదేమీ కాదు. 1957లో కాలిఫోర్నియాలో షాల్మ్, నూర్లాండర్ అనే ఇద్దరు రూపొందించిన కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్, మన పశువైద్యులు సీఎంటీ అనేది. ఒక ప్లాస్టిక్ పళ్ళెంలో నాలుగు గుంతలుంటాయి, ఆవు నాలుగు చన్నులకూ ఒక్కొక్కటి. మేకకు రెండు గుంతలు చాలు, మిగతా రెండూ ఖాళీ. చనుమొనను శుభ్రంగా తుడిచి, మొదటి రెండు మూడు ధారలు వేరుగా పిండేసి, ఎడమ సగం పాలు ఎడమ గుంతలో, కుడి సగం పాలు కుడి గుంతలో ఒక చెంచాడంత పిండాలి. ఊదారంగు కలిసిన డిటర్జెంట్ ద్రావణాన్ని పాలతో సమానంగా పోసి, పళ్ళాన్ని మెల్లగా గుండ్రంగా తిప్పాలి. డిటర్జెంట్ కణాల పొరను చీల్చుతుంది, లోపలి డీఎన్ఏ బయటపడి ద్రవం చిక్కబడుతుంది. మా మందలో ఒక నల్లమేకకు ఇది చేసినప్పుడు కుడి గుంతలో పాలు నీళ్ళలాగే పారాడుతుంటే, ఎడమ గుంతలో పది సెకన్లు తిప్పేసరికి గుడ్డు తెల్లసొనలా కూడుకొని, పళ్ళెం వంచితే ముద్దగా జారింది. ఆ రెండు గుంతల్లో ఏవి ఏ పాలో ద్రావణం పోయకముందు ఎవరూ చెప్పలేరు. రంగూ ఒకటే, వాసనా ఒకటే, రుచి కూడా ఒకటేనని మా ఇంట్లోవాళ్ళు అన్నారు. తర్వాత వేళ్ళతో జాగ్రత్తగా తడిమితే ఎడమ పొదుగు లోతులో గట్టిపడిన చోటు ఒకటి తగిలింది. అంతకుముందు ఆ పొదుగును ఎన్నిసార్లు చూసినా అక్కడ వెతకాలని తోచలేదు.

ఇక్కడ డీఎన్ఏ మాట ఇంకోసారి గుర్తు చేయాలి. సీఎంటీ చిక్కదనం డీఎన్ఏ వల్ల వచ్చేది కాబట్టి, మేక పాలలోని కేంద్రకం లేని తునకలు దాన్ని మోసం చేయలేవు. సైజు చూసే ఖరీదైన యంత్రం కన్నా ఈ ప్లాస్టిక్ పళ్ళెమే ఆ మేరకు మేకకు న్యాయం చేస్తుంది. కానీ దాని హద్దులూ దానికున్నాయి. రెండు గుంతలూ పలచగా ఉంటే ఆ మేకకు పెద్ద ఇన్ఫెక్షన్ లేదని చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు. రెండింటిలోనూ ఒకే తీరుగా కొద్దిపాటి చిక్కదనం కనిపిస్తే అది మేకల్లో మామూలే, మందు ఆలోచన అక్కర్లేదు. ఒకటి పలచగా, ఒకటి బాగా చిక్కగా ఉంటే అనుమానం గట్టిది. రెండూ బాగా చిక్కబడితే ఎద రోజులా, ఈని ఎన్నాళ్ళైంది అని చూసుకొని వారం తర్వాత మళ్ళీ చేయాలి, అప్పుడూ అలాగే ఉంటే కల్చర్‌కు పంపాలి. ఈనిన మొదటి వారం పది రోజులు ఈ పరీక్ష చేయకపోవడమే మేలు, ముర్రుపాల దశలో కణాలు ఎలాగూ ఎక్కువే ఉంటాయి.

సీఎంటీ ద్రావణం మన ఊళ్ళలో దొరకదు కదా అంటారు. బట్టలుతికే డిటర్జెంట్ పొడితో కూడా ఇదే పని జరుగుతుంది. వంద మిల్లీలీటర్ల నీళ్ళలో మూడు గ్రాముల పొడి కలిపి, పాలతో సమానంగా పోసి తిప్పడం మన దేశంలోనూ పాకిస్తాన్‌లోనూ పశువుల దగ్గర వాడుతున్న పద్ధతే. రంగు తేడా కనిపించదు గానీ చిక్కదనం కనిపిస్తుంది, మనకు కావలసింది అదే. పరీక్షించిన పాలను దూరంగా పారబోయాలి, కుక్కకూ మేకపిల్లకూ పోయకూడదు.

పళ్ళెం అనుమానాన్ని చూపుతుంది, దోషిని చూపదు. దానికి కల్చర్ ఒక్కటే దారి. చనుమొనను స్పిరిట్ దూదితో తుడిచి ఆరనిచ్చి, మొదటి ధారలు వదిలేసి, మూత లోపలి భాగం వేలికి తగలకుండా శుభ్రమైన గాజుగొట్టంలో పాలు పట్టి, ఐసులో పెట్టి పంపాలి. మన వైపు నుంచి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దాకా తీసుకుపోవడం పెద్ద పనే, ప్రతి మేకకూ అది సాధ్యం కాదని నాకు తెలుసు. అందుకే పళ్ళెం ముందు, కల్చర్ తర్వాత. మంద మొత్తాన్ని పళ్ళెంతో వడగట్టి, ఒక సగం చిక్కబడిన నాలుగైదు మేకల పాలు మాత్రం పంపితే ఖర్చు భరించగలిగేదే అవుతుంది. ఫలితం వచ్చాక నిర్ణయం కూడా మారుతుంది. చర్మం మీది మామూలు స్టెఫిలోకాకస్ అయితే చాలాసార్లు పాలెండే కాలంలో తనంతట తానే తగ్గుతుంది, లేదా వట్టిపోయేటప్పుడు పశువైద్యుని సలహాతో మందు పెట్టించవచ్చు. ఆరియస్ అయి, మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆ మేకను చివరగా పితకాలి, చివరికి మంద నుంచి తీసేయాలి. పొదుగులోకి ఎక్కించే ట్యూబుల్లో ఎక్కువవి ఆవు కోసం తయారైనవే. ఆవుకు ఒక చన్నుకు సరిపోయేదని దాన్ని మేక రెండు చన్నులకూ సగం సగం పంచితే, మొదటి చన్నులోని సూక్ష్మజీవిని మన చేత్తోనే రెండోదానిలోకి ఎక్కించినట్టవుతుంది. ఇది మన వైపు రోజూ జరుగుతున్న పొరపాటు, దయచేసి మానుకోండి.

ఆరోగ్యంగా కనిపించే మేక తన పాలలో ఏమి దాచగలదో మనుషులకు ఒకప్పుడు చాలా గట్టిగానే తెలిసొచ్చింది. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు ఏళ్ళ తరబడి ఒక మొండి జ్వరంతో మంచాన పడేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ ఆ జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు, కానీ అది ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియలేదు. 1905లో థెమిస్టోక్లిస్ జామిట్ అనే మాల్టా వైద్యుడు మేకలను పరీక్షించి, ఏ జబ్బు లక్షణమూ లేని మేకల పాలలోనే అది ఉందని తేల్చాడు. 1906లో సైనికులకు మేక పాలు ఆపేశాక జ్వరాలు ఒక్కసారిగా పడిపోయాయి. బ్రుసెల్లా అనే ఆ సూక్ష్మజీవి నేటికీ మన మందల్లో ఉన్నదే. దీన్ని సీఎంటీ పళ్ళెం పట్టుకోలేదు, రక్తపరీక్ష కావాలి. ఇక్కడ కూడా ఆవు కొలత మళ్ళీ అడ్డం తిరుగుతుంది. ఆవు పాలలో బ్రుసెల్లాకు వాడే మిల్క్ రింగ్ పరీక్షలో, రంగు వేసిన సూక్ష్మజీవులు మీగడతో పాటు పైకి తేలి వలయం కడతాయి. మేక పాలలో కొవ్వు బిందువులు ఆవు పాలలోలా గుంపుకట్టి పైకి తేలవు, కాబట్టి ఆ పరీక్ష మేకకు నమ్మదగినది కాదు.

వానాకాలం డెంగీ జ్వరాలు మొదలవగానే హైదరాబాద్ నుంచి బండ్లేసుకొని వచ్చి మేక పాలు అడుగుతారు, ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పచ్చిపాలే తాగిస్తారు. పెరుగుతాయన్నదానికి రుజువు లేదు. కానీ ఏ పరీక్షా ఎరగని మేక పచ్చిపాలను జ్వరంతో నీరసించిన మనిషికి పోయడం వల్ల వచ్చే ప్రమాదానికి మాత్రం వందేళ్ళకు పైబడిన రుజువుంది. అమ్మేవాళ్ళు కాచి ఇవ్వాలి, కొనేవాళ్ళు కాచి తాగాలి. కాచినా ఇంకో మెలిక ఉంది. ఆరియస్ సోకిన పాలు పితికాక గంటల తరబడి వెచ్చగా ఉండిపోతే అందులో తయారయ్యే విషం మరిగించినా పూర్తిగా పోదు. పితికిన వెంటనే కాచడం, లేదా చల్లబరచడం తప్పనిసరి.

పశుసంవర్ధక శాఖను నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏటా నట్టలమందు తాపడానికీ టీకాలు వేయడానికీ మందల దగ్గరకు వచ్చే సిబ్బంది చేతిలో ఒక పళ్ళెం, ఒక సీసా ద్రావణం ఉండాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనంలో పాలు పట్టే శుభ్రమైన గొట్టాలు, ఐసు డబ్బా ఉండాలి, అవి పరీక్ష కేంద్రానికి చేరే ఏర్పాటు ఉండాలి. ఊళ్ళలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలకు ఇచ్చే శిక్షణలో మేక పొదుగుకు విడిగా ఒక పూట కేటాయించాలి, ఆవు పాఠం చివర ఒక వాక్యంగా కాదు. మేకలు విరివిగా ఈనే కాలం కాపరులందరికీ తెలిసిందే, ఆ తర్వాత రెండు మూడు వారాలకు ఒకసారి, పాలెండే ముందు ఒకసారి మంద మొత్తం చూస్తే చాలు.

ఆ ఏర్పాట్లు వచ్చేదాకా ఆగకుండా చేయగలిగేదొకటి కొనేవాడి చేతిలోనే ఉంది. దేవరకద్ర సంతలో ఈనిన మేకను బేరమాడేవాళ్ళు పళ్ళు పట్టి చూస్తారు, నడిపించి చూస్తారు, పిల్లలను ఎత్తి చూస్తారు. ఇకమీదట పొదుగు రెండు సగాలనూ విడివిడిగా తడిమి, అమ్మే అతన్ని అడిగి రెండు చన్నుల నుంచీ నాలుగేసి ధారలు పిండి, సబ్బునీళ్ళు పోసి తిప్పి చూడండి. ప్రయాణం బెదురుతో రెండూ కొద్దిగా చిక్కబడితే దాన్ని సాకుగా పెట్టి ధర తెగ్గొట్టకండి. ఒకటి పారాడి, ఒకటి ముద్దకడితే మాత్రం ఎంత మురిపించే మేకైనా తాడు తిరిగి ఇచ్చేయండి.